మార్కర్ దావూద్ నేర్పిన ఆట

టెన్నిస్ క్లబ్బుల్లో మార్కర్ అని ఒక మనిషి ఉంటాడు. వాడు ఆటగాడు కాదు, కోచ్ కాదు. నౌకరు అంటే కోపం వస్తుంది గానీ చేతికొచ్చేది మాత్రం నౌకరు జీతమే. సాయంత్రం క్లబ్బుకొచ్చిన మెంబరుకు జోడీ దొరక్కపోతే నెట్ అవతల నిలబడి బంతి తిరిగి కొట్టడం వాడి పని. ఎలా పడితే అలా కొడితే కుదరదు. మెంబరు చెయ్యి ఎక్కడుంటే అక్కడికి, నడుమెత్తున, మెత్తగా, తీసుకో సామీ అన్నట్టు పంపాలి. ఆయన దాన్ని ఫెడీమని బాది, ఈ ఊళ్లో తనంత ఆటగాడు లేడనుకుంటూ ఇంటికి పోవాలి. అలా పోతేనే మర్నాడు మళ్లీ వచ్చి మార్కర్‌ను పిలుస్తాడు.

దావూద్ అలాంటి మార్కర్. ఊరు ఆదోని. తండ్రి పీరయ్య దూదేకులాయన; విల్లు భుజాన వేసుకుని వీధివీధీ తిరిగి, పాత పరుపుల దూది ఏకి కుట్టిచ్చేవాడు. ఫోమ్ పరుపులు వచ్చి ఆ విద్య అటకెక్కాక, పత్తి వ్యాపారుల క్లబ్బులో ఎర్రమట్టి కోర్టుకు నీళ్లు చల్లే పనిలో కుదిరాడు. తండ్రి వెనకాల పోయిన దావూద్ బంతులేరుతూ ఏరుతూ మార్కరయ్యాడు. విల్లుకు నరం బిగించే ఇంట పుట్టినవాడికి రాకెట్‌కు తీగలు అల్లే గట్టింగ్ ఒకరు నేర్పే పని లేదు. ఆట మాత్రం పెద్ద మార్కర్ ఇస్సాక్ నేర్పాడు. ఆయన పాఠం ఒక్కటే. "మెంబరును ఓడించిన మార్కర్ ఇంట్లో పొయ్యి రాజదురా. ఆయన గెలిచినట్టు ఆయనకు తెలియాల. నువ్వు ఓడినట్టు మాత్రం ఎవురికీ తెలియగూడదు."

దావూద్ ఆ పాఠాన్ని ఒంటబట్టించుకున్నాడు. మొదట్లో గెలవడం చేతనై కూడా మానుకునేవాడు. ఏళ్లు గడిచాక చేతకాకనే మానుకున్నాడు, కానీ ఆ తేడా అతనికి తెలియలేదు. తెలిసే అవకాశం ఎక్కడిది? ఆట బాగా జరిగిందో లేదో చూసుకోవడానికి అతనికున్న కొలబద్ద ఒకటే, అవతలి మనిషి మొహం. మొహం వెలిగిపోతే ఆట బాగున్నట్టు. అతని దురదృష్టమంతా ఆ కొలబద్దలోనే ఉందని ఇప్పుడు చెప్పుకోవడం సులువే.

సౌదీకి ఏసీ పనికని వచ్చాడు. ఖోబర్‌లో ఆయిల్ కంపెనీల ఇంజనీర్లు కుటుంబాలతో ఉండే ఒక కంపౌండ్. గోడ బయట ఒక దేశం, లోపల ఇంకో దేశం. లోపల ఈతకొలను, పచ్చగడ్డి, ఆడవాళ్లు నిక్కర్లు వేసుకుని సైకిళ్లు తొక్కే రోడ్లు, రెండు టెన్నిస్ కోర్టులు. ఒకనాడు నిచ్చెన మీద నిలబడి ఏసీ విప్పుతుంటే, కింద కోర్టులో ఒక తెల్ల ఇంజనీరు జోడీ రాక విసుక్కుంటూ గోడకేసి బంతి కొట్టుకుంటున్నాడు. దావూద్ దిగివచ్చి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, నేను ఆడనా సార్ అన్నాడు. ఆ గంట తర్వాత ఆ ఇంజనీరు భార్యతో, ఈరోజు నా చెయ్యి బ్రహ్మాండంగా పడింది అని చెప్పుకున్నాడట. నెల తిరక్కముందే కంపౌండ్‌లో అందరికీ దావూద్ 'టెన్నిస్ మ్యాన్' అయిపోయాడు. అక్కడ ఉండనిచ్చే కార్డు ఇఖామాలో మాత్రం టెక్నీషియన్ అనే ఉంది. ఆ ఒక్క మాట పుణ్యమా అని ఫ్యామిలీ వీసా దొరికింది. భార్య ఖుర్షీదా, ఎనిమిదేళ్ల కూతురు ఆసిఫా వచ్చారు. ఖోబర్ పక్కనే తుఖ్బాలో రెండు గదుల ఇల్లు తీసుకున్నారు, పిల్లను దమ్మామ్‌లో ఇండియన్ స్కూల్లో వేశారు.

నితాఖత్ అనే రూలు వచ్చిన ఏడు అందరికీ గుండెల్లో రాయి పడింది. ప్రతి కంపెనీ ఇంతమంది సౌదీలను పెట్టుకోవాలి, లేకపోతే సర్కారు లెక్కలో దాని రంగు ఎర్రబడుతుంది, ఎర్రబడితే ఇఖామాలు రెన్యువల్ కావు. ఇఖామాలో ఒక పనీ చేతిలో ఇంకో పనీ ఉన్నవాళ్లను ఏరి పంపేశారు. కింది అంతస్తులో ఉండే నిజామాబాద్ మనుషులు గదికి గది ఖాళీ చేసి పోయారు. దావూద్ పని కూడా ఇఖామాలో లేనిదే. కానీ మా టెన్నిస్ మ్యాన్‌ను పంపితే ఒప్పుకోమని మెంబర్లు కంపౌండ్ మేనేజరు మీద పడ్డారు, మేనేజరు ఏదో సర్దాడు. ఇస్సాక్ చెప్పింది ఎంత నిజం అనుకున్నాడు దావూద్. ఎదుటివాణ్ణి సంతోషపెట్టినవాడిని ఏ రంగూ ఏమీ చేయలేదని అతనికి గట్టి నమ్మకం కుదిరింది.

ఇక ఆసిఫా సంగతి. మెంబర్లు ఏసీల కింద నిద్రపోయే మిట్టమధ్యాహ్నం వేళ కోర్టు ఖాళీగా ఉంటుంది. ఆ వేళకు కూతురిని తెచ్చుకోనిమ్మని మేనేజరును అడిగి ఒప్పించుకున్నాడు. పొడుగు చేతుల చొక్కా, ట్రాక్ ప్యాంటు, తలకు బిగించి కట్టిన స్కార్ఫ్. ఆ ఎండకు బయట కుక్కలు కూడా కదలవు, ఈ తండ్రీకూతుళ్లు మాత్రం కొడుతూనే ఉండేవాళ్లు. పిల్ల చెయ్యి చూస్తే ముచ్చటేసేది. బంతి రాకెట్ మధ్యలో తగిలి, వయసుకు మించిన బరువుతో పోయి, దావూద్ అడుగు కదపనక్కర లేకుండా అతని చేతి దగ్గరే వాలేది. అతను ఎక్కడికి కొట్టినా ఉరికి అందుకుని మళ్లీ అతని చేతికే ఇచ్చేది. ఒక్కో ర్యాలీ ఎంతసేపు నడిచేదంటే, గేటు దగ్గరి నేపాలీ గార్డు టీ తాగడం మరిచిపోయి చూసేవాడు. పాయింట్లు వాళ్లు ఏనాడూ లెక్కపెట్టలేదు. మార్కర్లకు లెక్కపెట్టే అలవాటు ఉండదు, మెంబరే లెక్కపెట్టుకుంటాడు.

పిల్లకు పదిహేనేళ్లు దాటాక కంపౌండ్ ఆడవాళ్లూ పెద్దవయసు సార్లూ ఆమెతో ఆడతామని అడగడం మొదలుపెట్టారు. ఆడిన ప్రతివాళ్లూ మొహాలు వెలిగించుకుని వెళ్లారు. ఇంత బాగా నేనెప్పుడూ ఆడలేదు అన్నవాళ్లే అందరూ. దావూద్ ఆ మొహాలన్నీ పోగేసుకున్నాడు. నా కూతురు పెద్ద ఆటగత్తె అవుతుంది, టీవీలో ఆడుతుంది అని మనసులో రాసేసుకున్నాడు. కాకి పిల్ల కాకికి ముద్దు అనుకోవచ్చు గానీ, ఇక్కడ ముద్దు చేసింది కాకి ఒక్కటే కాదు, కంపౌండ్ అంతా చేసింది.

ఆ కంపౌండ్‌లో ఆట నిజంగా తెలిసిన మనిషి ఒకరే, డెన్మార్క్ మేడమ్. వయసులో ఉండగా దేశదేశాలు తిరిగి డబ్బుకు ఆడిన మనిషి. మోకాళ్లు చెడి మానేసి, భర్త వెంట ఇక్కడికి వచ్చింది. ఆసిఫాతో ఒకరోజు ఊరికే కొట్టి, చాలా బాగుంది అంది. మర్నాడు వచ్చి, ఈరోజు లెక్కపెట్టి ఆడదాం అంది. ర్యాలీలు పొడుగ్గా సాగాయి, ప్రతి పాయింటూ చివరికి మేడమ్ ఖాతాలోనే పడింది. సెట్టు అయిపోయాక ఆవిడ దావూద్ దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఈ పిల్ల చేతిలో అంతా ఉంది, దావూద్. కానీ నేను అందుకోలేని చోటికి ఒక్క బంతీ పంపలేదు. నన్ను బాధపెట్టడం ఇష్టం లేనట్టుంది. ఎవరు నేర్పారు ఈ ఆట?"

"నేనే మేడమ్," అన్నాడు దావూద్, ఛాతీ విరుచుకుని.

"మ్యాచులు ఆడించు. త్వరగా," అని సంచీ సర్దుకుంది. ఆ మాటకు అర్థం అడుగుదామంటే, ఎండాకాలం సెలవులకు పోయిన ఆవిడ మళ్లీ తిరిగి రాలేదు, భర్తకు బదిలీ అయింది.

ఆ రోజే దావూద్ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఖుర్షీదాకు చెప్పాడు. "పిల్ల ఎవ్వరినీ నొప్పించదంటమే. అంత పెద్ద ఆటగత్తె తన నోటితో చెప్పింది. మనం పెంచినది అట్లుండాది." తిట్టును దీవెన అనుకుని ఇంటికి మోసుకొచ్చేవాళ్లుంటారు, ఏం చేస్తాం.

ఖుర్షీదాకు ఆట తెలియదు, ఇష్టమూ లేదు. గిన్నెలు కడుగుతూనే అడిగింది, "ఇంతకూ అది ఎవురినన్నా ఓడించిందా?"

"ఓడించేదానికి ఈడ ఎవురుండారే? సౌదీలో ఆడపిల్లకు టోర్నమెంటు యాడ పెడతారు?"

అదీ నిజమే. గోడ దాటితే ఆ పిల్ల రాకెట్ పట్టుకుని నిలబడే చోటే లేదు. అందుకని ఖుర్షీదా నోరు మూసుకుంది. ఇంకో రెండు మాటలు అడిగుంటే ఈ కథ వేరేగా ఉండేదేమో.

రెండువేల పదిహేడు ఎండాకాలంలో లెవీ వచ్చింది. పనిచేసేవాడి మీద ఆధారపడ్డ ప్రతి తలకూ నెలనెలా కట్టాలి, అది ఏటేటా పెరుగుతుంది, ఇఖామా రెన్యువల్ నాడు ఏడాదిదంతా ముందే కక్కాలి. తుఖ్బాలో వాళ్ల బిల్డింగ్ గుమ్మాల ముందు పిల్లల చెప్పులు తగ్గిపోతూ వచ్చాయి. ఫ్రిజ్‌లు, మంచాలు, వాషింగ్ మెషిన్లు ఫుట్‌పాత్ మీదికొచ్చాయి. కొనేవాడు లేడు, అందరూ అమ్మేవాళ్లే. స్కూల్లో సెక్షన్లు కలిపేశారు. ఆసిఫా వ్యాన్‌లో కిటికీ పక్క సీటు కోసం ఒకప్పుడు గొడవలు జరిగేవి, ఇప్పుడు వ్యాన్ నిండా కిటికీ సీట్లే.

మొదటి ఏడు ఎలాగో కట్టాడు. రెండో ఏడు ముగ్గురికీ సాగదని ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. అప్పటికి ఆసిఫా పదకొండు పాసై, పన్నెండో తరగతి పుస్తకాలు కొనుక్కుంది. కామర్స్. అకౌంట్స్‌లో పిల్ల దిట్ట.

ఖుర్షీదా ఒక దారి చెప్పింది. ఆవిడ చెప్పిన దారే మంచి దారి అని ముందే అనేస్తున్నాను. "నేనొక్కదాన్నే ఎగ్జిట్ పెట్టుకుని ఊరికి పోతా. ఒక తల తగ్గుతాది. పిల్లకు ఈ ఒక్క ఏడు కట్టు. పన్నెండు రాసి వస్తే కర్నూల్లో డిగ్రీకి వేద్దాం. ఆటేమన్నా పారిపోతాదా?"

"ఆటే పారిపోతాది," అన్నాడు దావూద్. "పదిహేడొచ్చె దానికి. ఇప్పుడు గాకపోతే ఇంకెప్పుడు?"

అతనికి ఆ ధైర్యం ఇచ్చింది మంగళూరు సారు. కంపౌండ్‌లో ఉన్న కొద్దిమంది ఇండియన్లలో పెద్ద ఉద్యోగి, బొజ్జ ఉన్నవాడు, ఆసిఫాతో ఆడిన సాయంత్రాలు బొజ్జ మరిచిపోయేవాడు. బెంగళూరు పక్కన ఒక టెన్నిస్ అకాడమీ ఉందనీ, నడిపేవాళ్లు తన బావమరిది స్నేహితులనీ, ఆగస్టులో పిల్లలను ఎంచుకునే ట్రయల్స్ ఉంటాయనీ ఆయనే చెప్పాడు. ఎంపికైతే తిండి, గది, కోచింగ్ అంతా వాళ్లదే. చదువు ఓపెన్ స్కూల్లో. "నేను చెప్తాను దావూద్, ఈ అమ్మాయి ప్రొఫెషనల్ అవుతుంది. ఆమెతో ఆడితే నాకే నేను ప్రొఫెషనల్ అనిపిస్తుంది." ఆయన మంచివాడే, నిజమే చెప్పాడు, ఆ రెండో మాటలోనే అసలు సంగతంతా ఉందని ఇద్దరికీ తట్టలేదు.

మరి పిల్లను అడిగారా అంటే, అడిగారు. ఎవరి వంతుకు వాళ్లు అడిగారు. తల్లి వంటింట్లో అడిగితే, "చదువుకుంటాలేమ్మా, అకౌంట్స్ నాకు ఇష్టమే," అంది. తండ్రి కోర్టులో అడిగితే, "ఆడతా నాయనా, నాకు అదే ఇష్టం," అంది. టీసీ కోసం స్కూలుకు పోయిన రోజు క్లాస్ టీచరు దావూద్‌ను కూర్చోబెట్టి మందలించింది. బోర్డు పరీక్షకు ఇక్కడ పేరెక్కాక మధ్యలో వదిలేస్తే ఇంకో స్కూల్లో పన్నెండులో చేర్చుకోరు, ఒక్క ఏడాది ఓపిక పట్టండి అంది. తర్వాత ఆసిఫా వైపు తిరిగి, నువ్వేమంటావమ్మా అంది. "మీరు చెప్పింది కరెక్ట్ మేడమ్," అంది ఆసిఫా. అని, తండ్రి కుర్చీలోంచి లేవగానే ఆయన వెంటే లేచింది. ముగ్గురు అడిగితే ముగ్గురికీ వాళ్లు కోరిన జవాబే చేతికిచ్చింది పిల్ల. ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాడు దావూద్. నా కడుపు మండేది అక్కడే.

ఇద్దరికీ, ఇక తిరిగి రావడం ఉండని ఫైనల్ ఎగ్జిట్ కొట్టించాడు. దమ్మామ్ ఎయిర్‌పోర్టులో ఖుర్షీదా మొగుడికి వీపు పెట్టి ట్రాలీ మీద పెట్టెలు మళ్లీ మళ్లీ సర్దింది. ఆసిఫా భుజాన రాకెట్ల సంచీ వేలాడుతోంది, పన్నెండో తరగతి పుస్తకాలు కూడా పెట్టెలో ఉన్నాయి. తల్లి పెట్టమంటే పెట్టింది. "బాగా ఆడు మా," అన్నాడు దావూద్. "ఆడతా నాయనా," అంది. వాళ్లు గాజు తలుపు దాటిపోయాక అతనికి ఏడుపు ముంచుకొచ్చింది. కూతురి భవిష్యత్తు కోసం ఏడవడం కూడా సంతోషమే అనుకుంటూ బస్సెక్కాడు.

రెండు గదుల ఇల్లు వదిలేసి, కంపెనీ క్యాంపులో ఆరుగురి గదిలో మంచం తీసుకున్నాడు.

ఆగస్టులో ఆసిఫాను బెంగళూరు తీసుకుపోయింది ఖుర్షీదా తమ్ముడు మస్తాన్ వలీ. లారీ నడిపే మనిషి, టెన్నిస్ బంతి పచ్చగా ఉంటుందని కూడా ఆ రోజే తెలుసుకున్నాడు. సాయంత్రం ఆటలయ్యాక ఫోన్ చేశాడు.

"బావా, పాప ఆడతాంటే అందరూ వచ్చి నిలబడి చూసినారు. ఒక్కో బంతి ఎంతసేపు తిరిగిందనుకుంటావు. ఆడినాక అవతలి పిల్లోల్లు ఒక్కొక్కరూ వచ్చి పాపను కరుచుకున్నారు. శానా మంచిగా ఆడినావు, నీతో ఆడితే బాగుండాదని అన్నారు." ఆ వెంటే ఇంకో మాట అన్నాడు. "ఒక్కటే నాకు అర్థం గాలే. నంబర్లేసే బోర్డు మీద మన పక్క సున్నాలే పడినాయి. వాళ్లేమన్నా తప్పు ఏసినారేమో, నువ్వొక మాట అడుగు."

"తప్పు ఎయ్యరులే మస్తానూ," అన్నాడు దావూద్. ఫోన్ పెట్టేశాడు. అవతలి పిల్లలు వచ్చి కౌగిలించుకున్నారు అన్నప్పుడే అతనికి అర్థమైపోయింది. ఆదోనిలో పత్తి వ్యాపారులు ఆట ముగిశాక తన భుజం తట్టి పోయేది కూడా అలాగే.

మర్నాడు అకాడమీ కోచ్ ఫోన్ చేశాడు. మర్యాద గల మనిషి. "ఇంత శుభ్రమైన చెయ్యి నేను ఈ మధ్య చూడలేదు దావూద్ గారూ. కానీ పాయింట్ ముగించదు. అవతలి అమ్మాయి కోర్టు బయట పడిపోయి ఉన్నా, ఖాళీగా ఉన్న వైపు వదిలేసి మళ్లీ ఆ అమ్మాయి దగ్గరికే కొడుతుంది. ఇది చేతికి పట్టిన అలవాటు, ఈ వయసులో మారడం కష్టం. ప్లేయర్‌గా తీసుకోలేను." తర్వాత గొంతు కాస్త హుషారైంది. "కానీ మా దగ్గర ప్రొఫెషనల్ అమ్మాయిలు ప్రాక్టీసు చేస్తుంటారు. వాళ్లకు ఇలాంటి చెయ్యి దొరకదు. స్పారింగ్‌కు తీసుకుంటాం. గది, భోజనం, జీతం. మీ అమ్మాయిని అడిగాను, సరే అంది."

స్పారింగ్ అంట. పేరు కొత్తది. దావూద్‌కు ఆ పని బాగా తెలుసు. వద్దని చెప్పడానికి నోరు తెరిచాడు గానీ, వద్దంటే పిల్ల ఎక్కడికి పోవాలి? స్కూలు పేరు కొట్టేసింది. సౌదీకి మళ్లీ తెచ్చుకునే దారి తనే మూసేసుకున్నాడు. ఊళ్లో ఏ కాలేజీ పన్నెండు సగంలో చేర్చుకుంటుంది? "ఆమె సరే అంటే సరే సార్," అన్నాడు. ఖుర్షీదా ఆ తర్వాత చాన్నాళ్లు అతని ఫోన్ ఎత్తలేదు. ఎత్తిన రోజు తిట్టలేదు కూడా. "రెంటికీ చెడ్డ రేవడిని జేసినావు బిడ్డను," అని ఒక్క మాట అని పెట్టేసింది.

కోచ్ ఫోన్ చేసిన ఆ వారంలోనే ఒక సాయంత్రం మంగళూరు సారుతో ఆడుతున్నాడు. ఆయన ముందుకొచ్చి నెట్ దగ్గర నిలబడ్డాడు, వెనక కోర్టంతా ఖాళీ. దావూద్ మనసులో అనుకున్నాడు, ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి ఆ మూలకు కొడతాను. కళ్లు మూలనే చూస్తున్నాయి. చెయ్యి లేచింది, బంతి తగిలింది, పోయి సారు రాకెట్ మీదే మెత్తగా వాలింది. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ అక్కడికే. మూడోసారి పళ్లు బిగించి కొడితే బంతి నెట్‌కు తగిలి తన కాళ్ల దగ్గరికే దొర్లుకుంటూ వచ్చింది. ఒంట్లో బాగాలేదా దావూద్ అని అడిగాడు సారు. "సారీ సార్, చెయ్యి జారింది," అన్నాడు. లోకంలో ఎవరి మీదా రానంత కోపం ఆ చేతి మీద వచ్చింది అతనికి. చచ్చిపోయిన ఇస్సాక్ మీద కూడా వచ్చింది. ఇంతా చేసి ఇంకో బంతి తీసి, సారుకు ఇష్టమైన వైపే సర్వీసు చేశాడు, ఎందుకంటే గంట ఇంకా కాలేదు.

ఓపెన్ స్కూలు పరీక్షలు ఆ ఏడు ఆసిఫా రాయలేదు. పరీక్షలప్పుడు అకాడమీ పెద్దమ్మాయిలు పుణెలో టోర్నమెంటుకు పోతూ స్పారింగ్‌కు ఆమెను వెంటబెట్టుకు పోయారు. మరుసటి ఏడూ ఏదో అడ్డొచ్చింది. రాస్తాలేమ్మా అని తల్లితో అంటూనే ఉంది. లెవీ పెరుగుతూనే ఉంది, కంపౌండ్‌లో సగం ఇళ్లు ఖాళీ పడ్డాయి, రెండో కోర్టుకు తాళం వేశారు. మంగళూరు సారు కూడా వెళ్లిపోయాడు.

ఒక శుక్రవారం, జుమా నమాజు నుంచి వచ్చి క్యాంపు గది ముందు నీడలో కూర్చుని ఉండగా ఆసిఫా ఫోన్ వచ్చింది. గొంతులో సంతోషం ఉంది. ఏడాదిగా ఆమె ప్రాక్టీసు ఇస్తున్న అమ్మాయి బ్యాంకాక్‌లో ఒక ప్రొఫెషనల్ టోర్నమెంటు గెలిచిందట. పేపర్లో ఫోటో కూడా వేశారట.

"ఫైనల్లో ఆ అమ్మాయి ఆఖరి దెబ్బ లైను మీదికి కొట్టింది నాయనా. అది నేనిచ్చే బంతుల మీదనే నేర్చుకున్యాది. రోజూ పొద్దున్నే అదే బంతి ఇస్తాంటి. నీవల్లనే ఆసిఫా అని ఫోన్ చేసి చెప్పింది."

"శభాష్ మా," అన్నాడు దావూద్.

అనుకోకుండా వచ్చేసింది ఆ మాట. నిజంగానే అతని ఒళ్లు పులకరించింది, మంచి చెయ్యి అనుకున్నాడు, నా బిడ్డ అనుకున్నాడు. ఆ వెంటనే సిగ్గుతో చచ్చిపోయాడు. ఎవరో గెలిస్తే తన బిడ్డ మురిసిపోతోంది, బిడ్డ మురిస్తే తను మురిసిపోతున్నాడు. కప్పు పట్టుకున్న అమ్మాయికీ ఆసిఫాకూ ఒకటే వయసు.

"నువ్వు శభాష్ అంటావని తెలుసు నాయనా," అంది ఆసిఫా. "అందుకే ముందు నీకు చేసినా. అమ్మకు ఇంకా చెప్పలే. అమ్మ పరీక్ష సంగతి అడుగుతాది."

దావూద్ లేచి, గదిలోని మనుషులకు వినపడనంత దూరం నడిచి, వాటర్ ట్యాంకర్ పక్కన నిలబడ్డాడు. ఇన్నేళ్లలో తను కూతుర్ని ఎన్నోసార్లు అడిగాడు గానీ, తను వినాలనుకున్నది పెట్టుకునే అడిగాడు. ఈసారి అలా అడగకూడదనుకున్నాడు.

"ఆసిఫా, ఒక మాట అడుగుతా. నా కోసం జెప్పొద్దు, మీ అమ్మ కోసమూ జెప్పొద్దు. సదువు గానీ, ఆట గానీ, ఇంకేదన్నా గానీ. అసలు నీకేం గావాల మా?"

అవతల మాట లేదు. పెట్టేసిందేమో అనుకున్నాడు. లేదు, ఊపిరి వినపడుతోంది. పిల్ల నిజంగానే వెతుక్కుంటోందని అతనికి అర్థమైంది. చివరికి మెత్తగా, ఎప్పటిలాగే ప్రేమగా అంది.

"నన్నేమనమంటావో చెప్పు నాయనా. అదే అంటా."